తర్వాతి పేజీ

పోలమ్మపేట, విశాఖపట్నం
2023 జూన్ 18

చెల్లి దుర్గకు,

ఎల్లాజీ అన్నయ్య ఆశీస్సులు. వేట నిషేధం ముగిసి బోట్లన్నీ నీళ్లలో పడ్డాయి. మొదట్లో కానాగంత చేపలు బాగానే దొరికాయి, నిన్నటి నుంచి గాలి తిరిగింది, వల తడవడమే మిగిలింది. మీ వదినకు మోకాళ్ల నొప్పి ఉన్నా సీతమ్మధారలో చేపల బేరం ఒక్కపూట మానదు. అక్కడ డాక్టరుగారింట్లో తను వెళ్లేదాకా పొయ్యి మీద మూకుడు పెట్టరని గొప్పగా చెప్పుకుంటుంది.

నా చెవుల సంగతి మామూలే. పైడయ్య కొడుకు వెంకటేష్, ఇప్పుడు వార్డు ఆఫీసులో పనిచేస్తున్నాడు, ద్వారకా నగర్ తీసుకెళ్లి మిషన్ కొనిపించాడు. అది పెట్టుకుంటే ఇంజన్ హోరు తప్ప మనిషి మాట తెలియదు. తీసి పెట్టెలో పడేశాను. ఎదుటివాళ్ల పెదాలు చూసి కొంతా, ఊహించుకుని కొంతా నెట్టుకొస్తున్నాను. ఫోన్‌లో అక్షరాలు కొట్టి పంపమని నువ్వంటావు. ఆ చిన్న గళ్లలో ఒత్తు వెతుక్కునేసరికి చెప్పాలనుకున్నది మర్చిపోతాను. నాకు ఉత్తరమే నయం.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. మన తీరాన కొత్త జెట్టీ కడతారని అనుకుంటున్నారు కదా. దాని కోసం మొన్న మన వీధివాళ్లని పిలిచి సమావేశం పెట్టారు. కంపెనీ ఆయన ఒకడు ఇంగ్లీషులో రిపోర్టు చదువుతుంటే వెంకటేష్ నా భుజం పట్టుకుని ఊపేశాడు. నీ పేరు చదివారట! ప్రొఫెసర్ దుర్గ అని, అదీ రెండుసార్లు. అందరూ నా వైపు తిరిగి చూశారు. మాట వినపడకపోయినా ఆ మొహాలు చూశాను కదా, అది చాలు. మీ వదిన సాయంత్రం వీధంతా బెల్లం పంచింది. "మా పిల్ల రాసిందే ఆఫీసర్లు సదువుతన్నారు" అని ప్రతి గుమ్మం దగ్గరా చెప్పింది. ఆమె పెదాలు చూడక్కర్లేకుండానే నాకు తెలిసింది.

ఒంట్లో జాగ్రత్త. వేళకి తింటున్నావో లేదో రాయి.

నీ అన్నయ్య,
ఎల్లాజీ


కోల్‌కతా
2023 జూన్ 28

అన్నయ్యకు,

నీ ఉత్తరం వచ్చిన రోజు ఇక్కడ మోకాలి లోతు వాన. క్లాసుకు వెళ్లలేక ఇంట్లో కూర్చుని మూడుసార్లు చదువుకున్నాను. వదిన పంచిన బెల్లంలో నా ముక్క ఏది?

నీ కబురు ఎంత సరైన వేళకి వచ్చిందో చెప్పాలి. మా దగ్గర పై పదవికి దరఖాస్తులు అడిగారు. ఇచ్చేముందు పాతికేళ్లలో ఏమేం రాశావు, వాటిని ఎంతమంది తమ రాతల్లో ఉదహరించారు అని చూస్తారు. దానికో లెక్క ఉంది, సైటేషన్లు అంటారు. సులువుగా చెప్పాలంటే, లోకంలో ఎంతమంది పండితులు నా పేరు ఎత్తారన్నమాట. రెండు పుస్తకాలూ పాతిక వ్యాసాలూ రాశాను. వాటిలో చాలావాటిని నేనూ, అచ్చువేసినవాడూ తప్ప ఎవరూ చదివినట్టు లేరు. పేరు తెచ్చింది ఒక్కటే. తెల్లవాళ్ల కాలంలో రేవు తవ్వినప్పుడు తీరం మీది పల్లెల్ని ఎలా లేపేశారో రాశానే, ఆ వ్యాసం. నాయనమ్మ చెప్పేది గుర్తుందా, ఇప్పుడు ఓడలు నిలబడే చోట మన పాత ఇల్లు ఉండేదని? ఆ మాట పట్టుకునే చెన్నై వెళ్లి పాత కాగితాలు తిరగేశాను. సామ్రాజ్యాల చరిత్ర రాసే ఏ దేశంవాడైనా ఇప్పుడు రేవుల గురించి రాస్తే ఆ వ్యాసం పేరు చెప్పకుండా దాటడు. మూడువందల పైచిలుకు మంది చెప్పారు.

దరఖాస్తులో ఇంకో గడి ఉంది. మన పరిశోధన ప్రభుత్వం పనుల్లో, ప్రాజెక్టుల్లో ఎక్కడైనా వాడుకున్నారా అని అడుగుతారు. దాన్ని ఎప్పుడూ ఖాళీగానే వదిలేదాన్ని. ఈసారి నీ పుణ్యాన నింపేశాను. గడువు దగ్గరపడిందని రిపోర్టు కోసం ఆగలేదు, పేరు మాత్రం రాసి పంపాను. నా పేరున్న పేజీలు వెంకటేష్‌తో జిరాక్స్ తీయించి పంపగలవా?

వదిన మోకాళ్లకి నూనె పంపుతున్నాను. వాడకుండా దాచుకుంటే ఊరుకోనని చెప్పు.

నీ చెల్లి,
దుర్గ


పోలమ్మపేట
2023 జూలై 9

చెల్లి దుర్గకు,

అడిగిన కాగితాలు ఇందులో పెట్టాను. ఇంగ్లీషు కాబట్టి నేను చదవలేదు. నీ పేరు మాత్రం గుర్తుపట్టి, నీకు పంపినదానిలోనూ మా దగ్గర ఉంచుకున్నదానిలోనూ కింద పెన్సిల్‌తో గీత గీశాను.

అర్జునరావు మావ జెట్టీకి ఒప్పుకోకూడదని ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. మన వీధిని ఖాళీ చేయించి కూర్మన్నపాలెం అవతల కట్టిన ఇళ్లలోకి తోలేస్తారని ఆయన భయం. ఆడవాళ్లు కొందరు నన్నొచ్చి అడిగారు. మా చెల్లి మాట పెట్టుకుని రాసిన రిపోర్టు, మనకి చెడు ఎందుకు చేస్తుంది అని ధైర్యం చెప్పి పంపాను. మావ ఏదో గొణిగాడు. నాకు తెలియలేదు.

నూనె అందింది. అనుకున్నట్టే దాచింది.

నీ అన్నయ్య,
ఎల్లాజీ


కోల్‌కతా
2023 జూలై 18

అన్నయ్యకు,

కాగితాలు ఇవాళే అందాయి. చదివాను. నేను వివరంగా రాసేదాకా ఈ పేజీల సంగతి ఎవరికీ చెప్పవద్దు. వెంకటేష్‌కు కూడా చెప్పు, ఎవరికీ చదివి వినిపించవద్దని. ఇంతకంటే ఇప్పుడు రాయలేను. రెండు రోజుల్లో అంతా రాస్తాను.

దుర్గ


పోలమ్మపేట
2023 జూలై 19

దుర్గకు,

నిన్న సాయంత్రం అర్జునరావు మావ పట్టుబట్టి వెంకటేష్ చేత ఆ పేజీలు గుడి ముందు తెలుగులో చెప్పించాడు. నాకోసం వెంకటేష్ కాగితం మీద రాసిచ్చాడు. అది అలాగే ఎత్తి రాస్తున్నాను.

"ఈ తీరపు జాలారులు స్థలం మారడానికి ఏనాడూ అభ్యంతరం చెప్పినవారు కారు. కొద్దిపాటి సాయం చేస్తే ఇష్టపూర్వకంగానే తరలిపోయే అలవాటు వారికి ఉంది. (దుర్గ)"

కింద నేను పెన్సిల్‌తో గీసిన గీత అలాగే ఉంది.

విన్నాక అందరూ లేచి ఎవరిళ్లకి వాళ్లు పోయారు. మీ వదిన పొయ్యి వెలిగించలేదు. నువ్వు పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు ఈ ఇంటికి కోడలై వచ్చి, తట్ట నెత్తిన పెట్టుకుని నీ హాస్టలు గేటు దాకా నడిచిన మనిషి. ఆమె అడగమన్నది ఒక్కటే. ఇది నువ్వు రాశావా? అవునో కాదో రాయి.

ఎల్లాజీ


కోల్‌కతా
2023 జూలై 26

అన్నయ్యకు,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. ఎవరికీ చెప్పవద్దని నేను రాసింది నీకు ఎలా అనిపించి ఉంటుందో ఊహించగలను. దాచమని కాదు అన్నయ్యా, నేను చెప్పేదాకా ఆగమని.

అవునో కాదో రాయమన్నావు. అవునన్నా అబద్ధమే, కాదన్నా అబద్ధమే. ఆ మాటలు నా వ్యాసంలో ఉన్నాయి. కానీ అవి నావి కావు. రేవు కట్టిన రోజుల్లో ఒక తెల్ల ఇంజినీరు పై అధికారులకి అలా రాశాడు. అతని మాటని నేను అక్కడ చెప్పి, తర్వాతి పేజీలో అది అబద్ధమని నిరూపించాను. మూడు పల్లెల పెద్దలు మద్రాసుకు పంపిన అర్జీని అందులో పూర్తిగా ఇచ్చాను. మా పడవలు ఎక్కడ ఉంటే మేం అక్కడే ఉంటాం, ఇళ్లు కూల్చినా ఇసుక మీదే పడుకుంటాం అని వాళ్లు రాశారు. తర్వాత పోలీసుల్ని దింపి లేపారు. నా వ్యాసమంతా ఉన్నది ఆ తర్వాతి పేజీ కోసమే.

ఇలా ఎలా జరిగిందో వారం రోజులుగా వెతికాను. పన్నెండేళ్ల కిందట ఇంకో దేశంలో ఒకాయన తన పుస్తకంలో ఇంజినీరు మాటను నా మాటగా రాసి నా పేరు పెట్టాడు. ఆయన్ని చూసి మరొకరు, వాళ్లని చూసి ఇంకొందరు. నన్ను ఉదహరించిన ఆ మూడువందల మందిలో చాలామంది నా వ్యాసం తెరవనేలేదు. ఒకరి పుస్తకంలోంచి ఒకరు నా పేరు ఎత్తిపెట్టుకున్నారు. ఏటా ఆ అంకె పెరుగుతుంటే నేను సంతోషపడుతూ వచ్చాను.

రిపోర్టు తయారుచేసిన సంస్థకి ఘాటుగా రాశాను. జవాబు రాగానే చెబుతాను. వదినకి ఇదంతా చదివి వినిపించు.

దుర్గ


పోలమ్మపేట
2023 ఆగస్టు 4

చెల్లి దుర్గకు,

నీ ఉత్తరం మీ వదినకి చదివాను. సగంలో లేచి వెళ్లి బిందె కడిగి మళ్లీ వచ్చి కూర్చుంది. అంతా అయ్యాక, "మరి వచ్చి అందరి ముందరా సెప్పమను" అంది. నాకు అర్థం కాలేదేమోనని రెండుసార్లు అంది.

నేను నిన్ను నమ్మాను. వీధి నమ్మాలంటే నువ్వు కనబడాలి. ఈ నెల 21న బహిరంగ విచారణ పెట్టారు. కలెక్టరు ఆఫీసు వాళ్లు వస్తారు, ఎవరైనా లేచి మాట్లాడవచ్చట. ఆ మాట నీదని రాశారు కాబట్టి, నాది కాదని నువ్వే లేచి చెబితే ఇక రిపోర్టుకి కాళ్లు ఉండవని అర్జునరావు మావ అంటున్నాడు. ఆయనే నిన్ను పిలవమన్నాడు. మొన్న తిట్టినాయనే.

ఒక్క పూట పని. వచ్చి వెళ్లిపో. నేను స్టేషన్‌కి వస్తాను.

నీ అన్నయ్య,
ఎల్లాజీ


కోల్‌కతా
2023 ఆగస్టు 11

అన్నయ్యకు,

21వ తేదీనే నా ఇంటర్వ్యూ. మార్చమని అడిగాను, కుదరదన్నారు. ఈసారి తప్పితే మళ్లీ ఎప్పుడు పిలుస్తారో తెలియదు.

నా పదవి కోసమే రావడం లేదని అనుకోవద్దు. నేను బాగా ఆలోచించాను. అక్కడ నేను లేచి నాలుగు ముక్కలు చెబితే గాలికి పోతాయి. రాసి ఇచ్చింది ఫైలులో ఉంటుంది, రేపు కోర్టుకి వెళ్లినా చెల్లుతుంది. పైగా పెద్ద పదవిలో ఉన్న మనిషి సంతకానికి విలువ ఎక్కువ. అందుకని ఒక ప్రకటన రాసి సంతకం చేసి, తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి పెట్టాను. ఇంజినీరు ఏమన్నాడు, దాన్ని నేను ఎందుకు ఉదహరించాను, అది ఎలా తప్పు, మనవాళ్లు అర్జీలో ఏమని రాశారు, అన్నీ వరుసగా ఉన్నాయి. అధికారులకి ఇవ్వండి. తెలుగుది వెంకటేష్ చదివితే సరిపోతుంది.

వదినకి కోపం వస్తుందని తెలుసు. ఇంటర్వ్యూ అవగానే వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూర్చుంటాను.

నీ చెల్లి,
దుర్గ


పోలమ్మపేట
2023 ఆగస్టు 23

దుర్గకు,

కోపంతో రాయడం లేదు. జరిగింది నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

వెంకటేష్ ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి విచారణలో మాట్లాడకూడదని పైనుంచి చెప్పారట. అర్జునరావు మావకి చదువు రాదు. నీ కాగితం చదవడానికి నేనే లేచాను. మన వీధి అర్జీలన్నీ ఇన్నాళ్లూ రాసింది నేనే కదా, చదవలేనా అనుకున్నాను.

మైకు ముందు నిలబడి తల దించుకుని మొదలుపెట్టాను. తల ఎత్తితే వరుస తప్పుతానని భయం. మొదటి పేజీలో ఇంజినీరు మాటలున్నాయి. జాలారులకి అభ్యంతరం లేదు, ఇష్టపూర్వకంగా తరలిపోతారు అని. అవి చదివాను. పేజీ తిప్పి మనవాళ్ల అర్జీ దగ్గరికి వచ్చాను. ఇళ్లు కూల్చినా ఇసుక మీదే పడుకుంటాం అన్నచోట నా గొంతు అదే పెరిగింది. అప్పుడు తల ఎత్తాను. ఎదురుగా అధికారులు లేచి నిలబడి ఫైళ్లు కట్టుకుంటున్నారు. వెంకటేష్ గోడ దగ్గర నిలబడి ఏడుస్తున్నాడు.

రాసిన మనిషి రాలేదు కాబట్టి ఆ కాగితం తీసుకునేది లేదని అధికారుల్లో పెద్దాయన అన్నాడట. ఆపమని నాకు చాలాసార్లు చెప్పారట. తర్వాత మైకు తీసేశారట. తీసేసింది మొదటి పేజీ చివర్లో. నాకు వినపడదు కదా. నేను చదువుతూనే ఉన్నాను. హాలంతటికీ వినిపించింది ఇంజినీరు మాటొక్కటే. కంపెనీవాళ్ల వైపు ఎవరో నవ్వారట కూడా.

మీ వదిన లేచి వచ్చింది. నా చేతిలో కాగితం తీసుకుని మడిచి జాకెట్లో పెట్టుకుంది. నా మొహం తన వైపు తిప్పుకుని, "సాల్లే. ఇంటికి పోదాం రా" అంది. చెయ్యి పట్టుకుని అందరి మధ్యనుంచీ నడిపించుకుంటూ తీసుకొచ్చింది.

నీ ఇంటర్వ్యూ బాగా జరిగిందనుకుంటాను.

ఎల్లాజీ


కోల్‌కతా
2023 సెప్టెంబరు 3

అన్నయ్యకు,

నీ ఉత్తరం అంది నాలుగు రోజులైంది.

పదవి వచ్చింది. నీకు చెప్పకుండా ఉండలేను, చెప్పడానికీ నోరు రావడం లేదు. నువ్వు మైకు ముందు నిలబడిన పూటే నేను ఇక్కడ ఐదుగురి ముందు కూర్చున్నాను. వాళ్లలో ఒకాయన నా దరఖాస్తులో ఆ రిపోర్టు పేరు చూసి మెచ్చుకున్నాడు. చరిత్రకారుల రాతలు ప్రాజెక్టుల దాకా వెళ్లడం అరుదు అన్నాడు. వాళ్లు నన్ను తప్పుగా ఉదహరించారండీ, నేనన్నదానికి సరిగ్గా వ్యతిరేకంగా వాడుకున్నారు అని చెప్పాను. ఆయన చిన్నగా నవ్వి, తప్పో ఒప్పో ఉదహరించారు కదా, లెక్కలోకి వస్తుంది అన్నాడు. మిగతావాళ్లూ నవ్వారు. తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయారు. నేనూ వెళ్లాను.

రిపోర్టు సంస్థ జవాబిచ్చింది. సదరు వాక్యం మీ వ్యాసంలో ఫలానా పేజీలో యథాతథంగా ఉన్నది కనుక సవరించవలసిన అవసరం కనబడలేదు అని. ఒక్క అక్షరం తప్పు లేదు. అదే భరించలేకపోతున్నాను.

నేను రావాల్సింది. నీ చెవుల సంగతి తెలిసీ చదివేవాడు వెంకటేషే కదా అనుకున్నాను. వదినని ఒక్కసారి ఫోన్ తీయమను. ఎన్నిసార్లు చేసినా కట్ చేస్తోంది.

దుర్గ


కోల్‌కతా
2023 నవంబరు 14

అన్నయ్యకు,

సెప్టెంబరు నుంచి ఇది నాలుగో ఉత్తరం. ఒక్కదానికీ జవాబు లేదు. అక్టోబరులో వెంకటేష్‌కి ఫోన్ చేస్తే మన వీధి ఖాళీ చేయిస్తున్నారని ఒక్కమాట చెప్పి, అన్నకే రాయండి అక్కా అని పెట్టేశాడు. వద్దామని టికెట్ తీశాను. వదిన నా మొహం చూడనంటోందని అతను చెబితే రద్దు చేసుకున్నాను. అది ధైర్యం లేకపోవడమే.

వ్యాసం అచ్చువేసిన పత్రికవాళ్లు నా వివరణ వేశారు. ఫలానా వాక్యం రచయిత్రి అభిప్రాయం కాదు అని, పేజీ అడుగున అగ్గిపెట్టె అంత. ఆ వివరణని ఇప్పటిదాకా ఎవరూ ఉదహరించలేదు. పాత వ్యాసానికి మాత్రం ఈ రెండు నెలల్లో ఇంకో తొమ్మిది చేరాయి. తెరిచి చూశాను. ఆరింటిలో ఇంజినీరు మాటే నా పేరుతో ఉంది.

తిట్టు. తిట్టడానికైనా రాయి.

దుర్గ


కూర్మన్నపాలెం
2024 జనవరి 7

చెల్లి దుర్గకు,

నీ ఉత్తరాలన్నీ నిన్నే ఒక్కసారిగా అందాయి. వీధి ఖాళీ చేయిస్తారని సెప్టెంబరు నుంచే పోస్టుమ్యాన్ అటు రావడం మానేసి, ఉత్తరాలు తన దగ్గరే ఉంచుకున్నాడట. వెంకటేష్ కనబడితే ఇచ్చాడు. మేం కోపంతో రాయడం లేదని నువ్వు అనుకున్నావు. నువ్వే రాయడం లేదని మేం అనుకున్నాం. పెద్ద పదవి వచ్చి ఉంటుంది, పని ఎక్కువైందేమోనని మీ వదినకి నేను చెబుతూ వచ్చాను.

అక్టోబరు చివర్లో లేపేశారు. పోలీసులు వచ్చారు గానీ చెయ్యి వేయలేదు. ముందు కరెంటు తీశారు, తర్వాత కుళాయి. పిల్లలున్నవాళ్లు మొదట కదిలారు. అర్జునరావు మావ చివరిదాకా ఉన్నాడు, తర్వాత ఆయన్నీ కొడుకులు తీసుకుపోయారు. అందరిచేతా కాగితాల మీద సంతకాలూ వేలిముద్రలూ తీసుకున్నారు. నేనూ పెట్టాను. పెట్టకపోతే ఈ ఇల్లు కూడా లేదన్నారు.

ఇల్లు మూడో అంతస్తు. గోడలు గట్టివే. కిటికీలోంచి రోడ్డూ, లారీలూ కనిపిస్తాయి. సముద్రానికి రెండు బస్సులు మారాలి. వేటకి బయలుదేరే వేళకి బస్సు ఉండదు. బోటు వాటాదారులకి వదిలేసి, పగటిపూట వెళ్లి వలలు బాగుచేసి వస్తున్నాను. మీ వదినకి సీతమ్మధార బేరం పోయింది. ఇక్కడి జంక్షన్లో కూర్చుని ఎండుచేపలు అమ్ముతోంది. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటోంది.

నీ ఉత్తరాలు అన్నీ ఆమెకి చదివాను. రమ్మనలేదు, రావద్దనీ అనలేదు.

నీ అన్నయ్య,
ఎల్లాజీ


కోల్‌కతా
2024 మార్చి 3

అన్నయ్యకు,

మీ దగ్గర నుంచి క్షేమంగా చేరాను. మొన్న నువ్వు వలల దగ్గరికి వెళ్లినప్పుడు ఇంట్లో ఏం జరిగిందో నీకు చెప్పకుండానే రైలెక్కాను. నువ్వుండగా ఆమె ముందు చెప్పలేకపోయాను. అందుకే రాస్తున్నాను.

నువ్వు మెట్లు దిగావో లేదో, అప్పటిదాకా నాతో మాట్లాడని వదిన నెత్తళ్ల చేట ముందేసుకుని కూర్చుని, "ఆ రాసినావే, అది తెచ్చినావా?" అంది. తెచ్చానన్నాను. "సదువు. మన మాటల్లో సెప్పు" అంది.

ఇన్నేళ్లలో ఆ వ్యాసం గురించి ఎన్నో ఊళ్లలో మాట్లాడాను. మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించమని ఎవరూ అడగలేదు. ఇంగ్లీషు చూసుకుంటూ తెలుగులో చెప్పుకుంటూ పోయాను. చేపల తలలు గిల్లుతూ వింది. రేవు తవ్వడం, ఓడలు, తెల్లవాళ్ల లెక్కలు అన్నీ వింది. ఇంజినీరు మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది.

"ఇది ఎవలన్నారు?"

ఇంజినీరు అన్నాను.

"మరి మనోలు ఏటన్నారు?"

అది తర్వాతి పేజీలో ఉంది వదినా, చదువుతున్నాను అన్నాను.

"మనోల మాట ముందెందుకు ఎట్టలేదే?"

ముందు ఎదుటివాడి మాట చెప్పి, తర్వాత దాన్ని కొట్టేయడం మా పద్ధతి అని చెప్పాను. ఆమె నా వైపు చూసింది. కోపం లేదు. అదుంటే బాగుండేది.

"కొట్టేసీదాకా ఎవలు కూకుంటారే దుర్గా?" అంది.

నీ చేతికిచ్చిన ప్రకటన కూడా అలాగే రాశాను. ముందు వాడి మాట, వెనక మన మాట. మైకు తీసేసింది ఆ రెంటికీ మధ్యే.

మిగతా వ్యాసం చదవమంది. అర్జీ మొత్తం చదివాను. ఇసుక మీదే పడుకుంటాం అన్నచోట మళ్లీ చదవమంది, మళ్లీ చదివాను. అది రాసినవాళ్లలో మన ఇంటిపేరు వాళ్లు ఉన్నారా అని అడిగింది. ఉన్నారన్నాను. అప్పుడు చేట పక్కకి జరిపి, మిమ్మల్ని లేపిన రోజు సంగతి చెప్పింది. కుళాయి ఆగిన రోజు డాక్టరుగారింటికి వెళ్లి బిందెతో నీళ్లు అడిగిందట. నీకు తెలుసా అది? వేలిముద్ర వేయించుకున్నవాడు ఆమె వేలు తుడుచుకోవడానికి గుడ్డ కూడా ఇచ్చాడట, మంచిగానే మాట్లాడాడట. అంతా చెప్పి చివరికి అన్నది:

"మేం ఇష్టపడే ఎల్లినామని కాయితం ఉంది గదా. సంతకాలు ఎట్టినాం. వందేళ్లు పోనాక నీలాంటిది ఒకర్తి అది సదివి, ఇష్టపడే ఎల్లినారని రాత్తాది."

అన్నయ్యా, నిజంగానే రాస్తుంది. నేను పాతికేళ్లుగా చేస్తున్న పని అదే కాబట్టి నాకు తెలుసు. ఫైలులో దొరికేది ఆ కాగితమే. నీ మైకు ఆగిన సంగతి ఏ ఫైలులోనూ లేదు.

వదిన మాటలు ఆ రాత్రే రైల్లో రాసుకున్నాను. తెలుగులోనే, ఆమె చెప్పినట్టే, ఆమె మాటతోనే మొదలుపెట్టి. మా లెక్కల్లో అది పరిశోధన కిందికి రాదు. ఎవరైనా వేస్తారో లేదో తెలియదు. వేస్తే నీ పేరూ, వదిన పేరూ, వీధి పేరూ అసలువే పెట్టవచ్చా? వద్దంటే మానేస్తాను.

ఆ పూట ఆమె నాకు అన్నం పెట్టింది. తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుంది. వెళ్లొస్తానంటే మాత్రం మొహం తిప్పుకుంది. ఆమె మనసు విరిగింది. అతకమని అడిగే హక్కు నాకు లేదు.

నీ చెల్లి,
దుర్గ


కూర్మన్నపాలెం
2024 మార్చి 12

చెల్లి దుర్గకు,

పేర్లు అసలువే పెట్టు. అర్జునరావు మావని కూడా అడిగాను. ఆయనదీ పెట్టమన్నాడు. మంచం మీద ఉన్నాడు, అచ్చయ్యేదాకా ఉంటాడని నాకు నమ్మకం లేదు. తొందరగా రాయి.

వాటా అమ్మేశాను. బోటు వేరేవాళ్లది ఇప్పుడు, రంగు కూడా మార్చారు. డాక్టరుగారింట్లో నీళ్లు అడిగిన సంగతి నాకు తెలియదు. ఆమె నాకు చెప్పలేదు. చెప్పినా నాకు తెలియని రోజులు అవి.

మీ వదిన గురించి నువ్వు రాసింది చదివాను. నువ్వు వెళ్లిన రోజు సాయంత్రం నేను తిరిగి వచ్చేసరికి ఆమె దీపం వేసుకోకుండా కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు చూస్తోంది. నన్ను చూసి ఏదో అంది. చీకట్లో పెదాలు కనబడలేదు. లైటు వేసి ఎదురుగా కూర్చుని మళ్లీ చెప్పమన్నాను.

"పిల్ల సిక్కిపోనాది" అంది.

నీ అన్నయ్య,
ఎల్లాజీ